దిద్దిన కాపీకే మార్కులు వేయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్లకు, విశ్వవిద్యాలయాల జర్నలిజం పాఠ్యమండళ్ల సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

కెమిస్ట్రీ చదివే పిల్లలకు ల్యాబ్ ఉంటుంది, రికార్డు పుస్తకం ఉంటుంది. ప్రయోగం చేసి, రీడింగులు రాసి, లెక్చరర్ చేత సంతకం పెట్టించుకోకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. జర్నలిజం చదివే పిల్లలు మాత్రం ఎవరి చేతా ఒక్క వార్త దిద్దించుకోకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోవచ్చు. "వార్తను నిర్వచించి, దాని లక్షణాలను వివరించండి" అనే ప్రశ్నకు ఆరు పేజీల జవాబు రాస్తే పాసవుతారు. ఆ పిల్లలే వార్తలు దిద్దే విభాగమైన డెస్క్‌లో చేరిన మొదటి రోజు ఆరు వాక్యాల వార్త రాయడానికి రెండు గంటలు కుస్తీ పడతారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. రాయమని అడిగినవాళ్లు లేరు, రాస్తే చూసినవాళ్లు లేరు.

మాలో కొందరం పత్రికల, చానళ్ల డెస్కుల్లో పనిచేస్తున్నాం. కొందరం కాలేజీల్లో ఈ సబ్జెక్టే చెబుతున్నాం. మేం అడిగేది ఒక్కటే: సైన్సుకు రికార్డు ఎలాగో జర్నలిజానికి దిద్దిన కాపీ అలాగ. కాపీ అంటే అచ్చుకో ప్రసారానికో రాసిన వార్త. మార్కుల్లో పెద్ద వాటా దానికివ్వండి. మిగతా మార్పులన్నీ దాని వెంటే వస్తాయి.

ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లోనే మొదలైంది. దేశంలోని పాత విభాగాల్లో అదొకటి. ఏడు దశాబ్దాలు దాటిన ఈ చదువుకు మన రెండు రాష్ట్రాల్లో సిలబస్ లేక కాదు, ఉన్న సిలబస్ చేతిలోకి దిగకపోవడమే ఇబ్బంది.

రికార్డు ఎలా ఉండాలో ముందు చెబుతాం. సెమిస్టర్‌లో తరగతులు జరిగేది పదిహేను వారాలనుకుందాం. వారానికి రెండు కాపీల చొప్పున ముప్పై అవుతాయి. ప్రతి కాపీకీ మూడు భాగాలుండాలి. మొదటిది విద్యార్థి రాసిన చిత్తుప్రతి. అందులో ప్రతి అంకె, ప్రతి పేరు, ప్రతి తేదీ చుట్టూ గీత గీసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో మార్జిన్‌లో రాయాలి: ఎవరు చెప్పారు, ఎన్నింటికి, ఫోన్లోనా ఎదురుగానా, లేక ఏ కాగితంలో ఏ పేజీలో. మార్జిన్ ఖాళీగా ఉన్న అంకె వార్తలో ఉండకూడదు. రెండోది అధ్యాపకుడు దిద్దిన ప్రతి. వాస్తవం తప్పితే ఎర్ర సిరా, భాష తప్పితే నీలం, చట్టానికీ మర్యాదకూ సంబంధించిన తప్పయితే ఆకుపచ్చ. రంగులు ఎందుకంటే, నాలుగు వారాలు గడిచాక రికార్డు తిరగేస్తే ఆ విద్యార్థి బలహీనత ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది. ఒకరి పుస్తకమంతా నీలంగా ఉంటుంది, ఇంకొకరిది భాష బాగున్నా ఎర్రగా ఉంటుంది. ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి లాభం లేదు. మూడోది తిరగరాసిన ప్రతి. మార్కు వేయాల్సింది ఈ మూడోదానికే. చిత్తుప్రతికి మార్కులు వేస్తే పిల్లలు తప్పులు దాచిపెట్టడం, సీనియర్లచేత రాయించుకోవడం మొదలుపెడతారు.

ఇది ఇప్పటిదాకా ఎందుకు జరగడం లేదో మీకు తెలియకపోదు. అయినా లెక్క వేసి చూపిస్తాం. ముప్పై మంది తరగతిలో వారానికి రెండు కాపీలంటే అరవై కాపీలు. శ్రద్ధగా దిద్దితే ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. మొత్తం 12 గంటలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలని యూజీసీ 2018 నిబంధనలు అంటున్నాయి. ఆ పదహారు గంటల మీద ఈ పన్నెండూ మోయమంటే ఎవరూ మోయలేరు. అందుకే అసైన్‌మెంట్ల మీద టిక్కు పెట్టి, కింద సంతకం పడేస్తున్నారు. గెస్ట్ ఫ్యాకల్టీకి గంటకింత అని పాఠానికే డబ్బులిచ్చే చోట దిద్దుబాటుకు పైసా రాదు. కాబట్టి దిద్దే సమయాన్ని ప్రాక్టికల్ పనిగంటల్లో కలపాలి. బ్యాచ్ ఇరవై మందికి మించకూడదు. వారానికి ఒక కాపీని అధ్యాపకుడు పూర్తిగా దిద్దాలి, రెండోదాన్ని విద్యార్థులు ఒకరిది ఒకరు దిద్ది అధ్యాపకుడికి చూపించాలి. అప్పుడు ఇరవై మందికి నాలుగు గంటలు సరిపోతుంది. ఇంకొకరి కాపీ దిద్దడమే సబ్ ఎడిటర్ ఉద్యోగం గనక ఆ రెండో పద్ధతి సర్దుబాటు కాదు, అదీ పాఠమే.

ఇక ఆ కాపీల్లో ఏం నేర్పాలి?

మొదట తెలుగు. ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాం, ఎందుకంటే మన సిలబస్‌లలో వార్తారచన యూనిట్ ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల నుంచి దిగింది. ఇంగ్లిష్ వాక్యంలో కర్త పక్కనే క్రియ ఉంటుంది. అసలు సంగతి మొదటి నాలుగు మాటల్లో చెప్పేసి, వివరాలు వెనక తగిలించవచ్చు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకూ ఒకే వాక్యంలో జవాబు ఇరికించమంటే "చేసిన", "వచ్చిన", "ఉన్న" అంటూ విశేషణాలన్నీ ముందు పేరుకుపోతాయి, పాఠకుడు చివరిదాకా ఊపిరి బిగబట్టాలి. ఇలాంటి ఇంట్రో, అంటే వార్త ప్రారంభం, రోజూ చూస్తుంటాం: "గత మూడు రోజులుగా కురుస్తున్న భారీ వర్షాల కారణంగా పొంగి ప్రవహిస్తున్న వాగును దాటేందుకు ప్రయత్నించి గల్లంతైన ఇద్దరు రైతుల మృతదేహాలను సహాయక బృందాలు గురువారం ఉదయం వెలికితీశాయి." తప్పులేమీ లేవు, కానీ చదవలేం. దీన్నే మూడు ముక్కలు చేయాలి: "వాగులో గల్లంతైన ఇద్దరు రైతులూ చనిపోయారు. గురువారం ఉదయం సహాయక బృందాలు వారి మృతదేహాలను బయటికి తీశాయి. మూడు రోజుల వానలకు పొంగిన వాగును దాటబోయి వారు కొట్టుకుపోయారు." ఇంట్రోలో వాక్యాన్ని ముగించే సమాపక క్రియ పన్నెండు మాటల్లోపు రావాలని నియమం పెట్టి, నెల రోజులు దాన్నే సాధన చేయిస్తే సగం దారికి వస్తుంది.

ఆ తర్వాత "అన్నారు"కు మారుమాటలు. "చెప్పారు" తటస్థం. "వెల్లడించారు" అంటే దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టారని అర్థం. "స్పష్టం చేశారు" అంటే ఆ మాటతో సందేహం తీరిపోయిందని. "ఒప్పుకున్నారు" అంటే తప్పు చేశారని. ఒకే మాట పదిసార్లు వస్తే బాగుండదని పిల్లలు వీటిని మార్చి మార్చి వాడతారు. దాంతో విలేకరికి తెలియకుండానే వార్త ఒక పక్షం తీసుకుంటుంది. "చెప్పారు" ఎనిమిదిసార్లు వచ్చినా కాపీకి నష్టం లేదు.

ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలో అసలే దొరకని చిక్కు ఇంకొకటుంది. తెలుగు క్రియ మనిషి స్థాయిని చెప్పేస్తుంది. మంత్రి "చెప్పారు", కూలీ "చెప్పాడు". కలెక్టరమ్మ "చెప్పారు", పొలంలో కలుపు తీసే ఆమె "చెప్పింది". రెండూ ఒకే పేజీలో, ఒక్కోసారి ఒకే వార్తలో. ఎవరికి "రు" పెట్టాలో ఎవరికి "డు", "ది" పెట్టాలో విద్యార్థి ప్రతి వాక్యం చివరా నిర్ణయించాల్సిందే, తప్పించుకోవడానికి వీల్లేదు. ఇది వ్యాకరణం ప్రశ్న కాదు, న్యాయం ప్రశ్న. మా మాటగా చెప్పమంటే, వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ "రు"యే. నిందితులకు కూడా నేరం రుజువయ్యేదాకా అంతే. ఇంకో విభాగం ఇంకో నియమం పెట్టుకోవచ్చు. కానీ నియమమంటూ ఉండాలి, భాషా నియమాల పట్టికైన శైలిపత్రంలో రాసి గోడకు అంటించి ఉండాలి, హోదానుబట్టి మారకూడదు. ఇప్పుడున్న ఏ ప్రశ్నపత్రంలోనూ ఈ ప్రశ్న మాకు కనబడలేదు.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడారని, నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా పత్రికల తెలుగును జనం తెలుగుకు దగ్గర చేశారని, బూదరాజు రాధాకృష్ణ విలేకరులకు తెలుగు నేర్పారని చరిత్ర పేపర్లో చెబుతాం. ఆ పేర్లకు రెండేసి మార్కులిస్తాం. వాళ్లు ఏ పని చేశారో ఆ పని పిల్లలచేత చేయించం. ఒక ప్రభుత్వ ప్రెస్‌నోట్ ఇచ్చి, "చేయబడినది", "యొక్క", "నిమిత్తం" అన్నీ తీసేసి, ఊళ్లో అమ్మమ్మకు అర్థమయ్యేలా రాయమంటే చాలు.

కోర్టు, పోలీసు వార్తల తెలుగు విడిగా నేర్పాలి. "విచారణ" అనే ఒక్కమాటను మనం మూడింటికి వాడేస్తున్నాం: పోలీసుల దర్యాప్తు, శాఖాపరమైన ఎంక్వైరీ, కోర్టులో వాదనలు వినడం. "విచారణ పూర్తయింది" అని శీర్షిక పెడితే ఏది పూర్తయినట్టు? అనుమానితుడు, నిందితుడు, దోషి ముగ్గురూ వేర్వేరు మనుషులు. అరెస్టయిన రోజే "హంతకుడి అరెస్ట్" అని రాయడం తప్పు. పోలీసు కస్టడీ వేరు, జ్యుడీషియల్ రిమాండ్ వేరు. అన్నిటికన్నా ప్రమాదం "కొట్టివేత". హైకోర్టు ఎఫ్ఐఆర్‌ను కొట్టేస్తే కేసు పోయినట్టు. కేసు రద్దు చేయమని నిందితుడు వేసిన క్వాష్ పిటిషన్‌ను కొట్టేస్తే కేసు ఉన్నట్టు. శీర్షికలో చోటు చాలక "పిటిషన్" అనే మాట ఎగిరిపోతే వార్త తలకిందులవుతుంది, మర్నాడు సవరణ వేసుకోవాలి. ఇలాంటి పది ఉత్తర్వుల ప్రతులిచ్చి శీర్షికలు పెట్టించాలి. తరగతి గదిలో జరిగే తప్పు ఎవరికీ హాని చేయదు.

డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదట దొరికే పని ఏజెన్సీ కాపీ అనువాదం. పీటీఐ లాంటి వార్తాసంస్థ పంపిన ఇంగ్లిష్ వార్తను ముందు పెట్టి ఇరవై నిమిషాల్లో తెలుగు చేయమంటారు. ఈ సాధన చాలా విభాగాల్లో నామమాత్రంగా ఉంది. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. ఇది తెలియనివాళ్లు ఉండరు, తొందరలో తప్పు చేయనివాళ్లూ ఉండరు. బిల్లును "టేబుల్ చేశారు" అంటే మన పార్లమెంటులో సభ ముందు ఉంచారని, అమెరికా వార్తలో పక్కన పెట్టారని. ఇప్పుడు పిల్లలు యంత్రానువాదం వాడుతున్నారు, వాడొద్దంటే మానరు. కాబట్టి అది ఎక్కడ పొరపడుతుందో చూపించాలి: ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు ఊహించి రాస్తుంది, వ్యంగ్యాన్ని నిజంగా తీసుకుంటుంది, ఒకే మనిషికి ఒక వాక్యంలో "డు", ఇంకో వాక్యంలో "రు" పెడుతుంది. యంత్రం ఇచ్చిన కాపీని దిద్దించడమే ఒక ప్రాక్టికల్‌గా పెట్టండి. మార్జిన్‌లో ఆధారం రాసే నియమం దీనికీ వర్తించాలి.

రెండోది లెక్కలు. జర్నలిజంలో చేరే పిల్లల్లో చాలామంది లెక్కలకు భయపడే ఇటు వస్తారు. వాళ్లకు కావలసినది ఎనిమిదో తరగతి గణితమే, కాకపోతే మన నేల మీది గణితం. ఉత్తీర్ణత 60 శాతం నుంచి 66 శాతానికి పెరిగితే పెరిగింది ఆరు శాతం కాదు, ఆరు పర్సంటేజీ పాయింట్లు. శాతంలో చెప్పాలంటే పది. వానాకాలం రాగానే ప్రతి జిల్లా పేజీలోనూ క్యూసెక్కులు, టీఎంసీలు కనిపిస్తాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నిల్వ. ఒకటి వేగం, ఒకటి పరిమాణం. "ప్రాజెక్టులోకి 50 టీఎంసీల ప్రవాహం" అని రాస్తే అది గంటకో రోజుకో తెలియదు. 11,574 క్యూసెక్కులు 24 గంటలు ఆగకుండా పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క సూత్రం తెలిస్తే 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద నమోదైన 11.43 లక్షల క్యూసెక్కుల వరద, అదే జోరుతో రోజంతా ఉంటే, దాదాపు 99 టీఎంసీలని విద్యార్థి తనే లెక్కగడతాడు. పాఠకుడికి ఆ వరద ఎంతో అప్పుడు అందుతుంది.

వర్షం కూడా అంతే. వాతావరణ శాఖ లెక్కలో "భారీ" అంటే ఇష్టమొచ్చిన విశేషణం కాదు. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా భారీ, 204.4 దాకా అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. ఆ 24 గంటలు ఉదయం 8.30కి ముగుస్తాయి. అంచేత "బుధవారం కురిసిన వర్షం" అని రాసేముందు ఏ బుధవారమో చూసుకోవాలి. పంట వార్తల్లో బస్తా అంటే ఒకచోట 75 కిలోలు, ఇంకోచోట 40 కిలోలు. నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కిలోలు. భూమిని తెలంగాణలో గుంటల్లో చెబుతారు, ఎకరానికి 40. ఆంధ్రలో సెంట్లలో చెబుతారు, ఎకరానికి 100. ఒక ప్రాంతం విద్యార్థి ఇంకో ప్రాంతంలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ పట్టిక తెలియక దిగుబడి రెట్టింపో సగమో అయిపోతుంది.

మూడోది కాగితాలు చదవడం. ప్రెస్‌మీట్‌లో చెప్పినది రాయడం రెండు నెలల్లో వస్తుంది. చెప్పనిది కాగితంలో పట్టుకోవడానికే కాలేజీ కావాలి. ఎఫ్ఐఆర్‌తో మొదలుపెట్టండి. నేరం జరిగిన సమయం, స్టేషన్‌కు సమాచారం అందిన సమయం, రెండూ అందులో విడివిడిగా ఉంటాయి. మధ్య వ్యవధి మూడు రోజులుంటే వార్త అక్కడే ఉండొచ్చు. ఏ సెక్షన్లు పెట్టారు, ఏవి పెట్టలేదు, ఆలస్యానికి కారణం గడిలో ఏం రాశారు, ఇవన్నీ గుర్తించమనాలి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది కనుక ప్రాక్టికల్‌కు నమూనాలు కరవు కావు. పేర్లు కొట్టేసి తరగతిలో పంచితే సరి.

సమాచార హక్కు చట్టం మీద ప్రతి సిలబస్‌లోనూ ఒక యూనిట్ ఉంది. "2005 చట్టం ప్రాముఖ్యాన్ని వివరించండి" అని అడుగుతారు. దరఖాస్తు పెట్టించేవాళ్లు తక్కువ. అధికారికి గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజుల వ్యవధి ఉంది, ఆ అప్పీలు తేలడానికి మరో నెల. అంటే సెమిస్టర్ రెండో వారంలో దరఖాస్తు పడకపోతే పరీక్షల్లోపు మొదటి అప్పీలు ముఖం కూడా విద్యార్థి చూడడు. ఖర్చు పెద్దదేం కాదు: మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

దరఖాస్తులు ఎందుకు తిరిగొస్తాయో కూడా చెప్పాలి. "మా ఊరి రోడ్డు ఎందుకు పాడైంది?" అని అడిగితే అధికారి జవాబివ్వనక్కర్లేదు. కార్యాలయంలో రికార్డుగా ఉన్నదే చట్టం దృష్టిలో సమాచారం, కారణాలు కొత్తగా రాసిపెట్టమని అడగలేం. "ఫలానా రోడ్డు పనికి ఇచ్చిన వర్క్ ఆర్డర్, ఎం-బుక్ పేజీలు, తుది బిల్లు నకళ్లు ఇవ్వండి" అని అడగాలి. ఎం-బుక్ అంటే పని కొలతలు రాసే పుస్తకం. అందులో ఎంత పొడవు, ఎంత మందం వేసినట్టు రాశారో చూసి, టేపు పట్టుకుని రోడ్డు దగ్గరికి వెళ్తే అదే వార్త. తప్పు శాఖకు వెళ్లిన దరఖాస్తును అయిదు రోజుల్లో సరైన శాఖకు పంపాల్సిన బాధ్యత ఆ అధికారిదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇందులోని సెక్షన్ 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారమైతే నిరాకరించే వీలు పెంచింది. ప్రజాప్రయోజనం పేరుతో అడిగే దారి సెక్షన్ 8(2)లో ఉంది. పాత గైడ్‌లు చదివే పిల్లలకు ఈ తేడా తెలియదు.

గైడ్‌ల మాట వచ్చింది గనక చట్టం పేపర్ సంగతీ చెప్పాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. పరువునష్టానికి సెక్షన్ 499, 500 అని ఇప్పటికీ బట్టీ పట్టిస్తున్న తరగతులున్నాయి. ఇప్పుడది 356. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరంగా చూసిన పాత 228ఏ స్థానంలో 72 వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం పాత 65బి నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63కు మారింది. దాచుకున్న వీడియో రేపు కోర్టులో నిలబడాలంటే విలేకరికి అది తెలియాలి. 1867 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం స్థానంలో 2023 చట్టం 2024 మార్చిలో అమల్లోకి వచ్చింది. సిలబస్‌ను అయిదేళ్లకోసారి మారుస్తామంటే మార్చండి, చట్టం యూనిట్‌ను మాత్రం ఏటా మార్చాలి.

సెక్షన్ల నంబర్లకన్నా ముఖ్యమైనది, అవి మన ఊళ్లలో ఎలా ఉల్లంఘనకు గురవుతాయన్నది. బాలలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం బాలల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, చుట్టుపక్కల ప్రాంతం, ఏదీ వాళ్లను గుర్తుపట్టేలా ఇవ్వకూడదు. విలేకరి పేరు మారుస్తాడు, ఫొటో వేయడు, పని అయిపోయిందనుకుంటాడు. కానీ ఊరి పేరు, ఏ తరగతి, నిందితుడు ఆ పాపకు మేనమామ అన్న మాట, తండ్రి ఆటో నడుపుతాడన్న వివరం, ఈ నాలుగూ కలిస్తే ఆ ఊళ్లో అందరికీ పాప ఎవరో తెలిసిపోతుంది. జిల్లా పేజీ ఆ ఊరికే వెళ్తుంది, అందుకే నగరపు ఎడిషన్‌లో ప్రమాదం లేని వివరం జిల్లా ఎడిషన్‌లో ప్రాణాంతకం. బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టకూడదని నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. తరగతిలో పెట్టే పరీక్ష ఇదీ: కాపీ ఇచ్చి, ఆ ఊరి మనిషిలా చదివి, ఎవరో గుర్తుపట్టగలవేమో చెప్పమనండి.

ఆత్మహత్యల వార్తలు కూడా ఇలాగే చేయిపట్టి నేర్పాల్సినవి. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం ప్రతి డెస్క్‌కూ పరీక్షే. ఎలా చనిపోయారో వర్ణించకూడదు, చివరి ఉత్తరాన్ని అచ్చేయకూడదు, "మార్కులు తక్కువొచ్చాయని" అంటూ ఒక్క కారణానికి ముడిపెట్టకూడదు, మొదటి పేజీలో పెద్ద శీర్షిక పెట్టకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇవే చెప్పింది. వార్త చివర మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 ఇవ్వాలి. ఇవి బట్టీ పట్టించాల్సిన నియమాలు కావు. వార్త చదివే ఇంకో పద్దెనిమిదేళ్ల పిల్లనో పిల్లాణ్నో దృష్టిలో పెట్టుకుని ఒక్కో వాక్యం తీసేయించాల్సినవి.

పేజీ, ఫాంటు, కెమెరా సంగతులు క్లుప్తంగా. అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద కూర్చోబెట్టారు. అందుకే ఆ కాపీ వెబ్‌లోకి రాగానే పిచ్చి అక్షరాలవుతుంది, కన్వర్టర్‌లో వేస్తే వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు చెడతాయి. పిల్లలకు మొదటి నెలలోనే యూనికోడ్ టైపింగ్ రావాలి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో నేర్పితే ఏ కంప్యూటర్‌లోనైనా పనికొస్తుంది. "సాఫ్ట్‌వేర్"లో పొల్లు తర్వాత కనబడని విరామ సంకేతం వేయకపోతే "వే" వెళ్లి వత్తుగా అతుక్కుంటుంది. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోతాయి. ఇవి తెలియక రోజంతా పోగొట్టుకునేవాళ్లున్నారు. పేజీ పెట్టడం నేర్పేటప్పుడు 18 సెంటీమీటర్ల వార్తను 12కు కోయించండి. కింది నుంచి కోసినప్పుడు అర్థం చెడితే వార్తను ప్రాధాన్యక్రమంలో రాయలేదన్నమాట. టీవీ ప్యాకేజీకి ఒక్కో షాట్ పది సెకన్లు కదలకుండా తీయించండి. మాటల్లేని ఆ స్థలపు శబ్దాన్ని అరనిమిషం విడిగా రికార్డు చేయించండి, అది లేకపోతే ఎడిటింగ్‌లో అతుకులు వినబడతాయి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన చిత్రంలో తీసిన సమయం, చోటు వివరాలు ఎగిరిపోతాయి కాబట్టి అసలు ఫైలును డాక్యుమెంటుగా అడిగి తెప్పించుకోవాలి. వరదల వీడియో వస్తే ముందు కీలక ఫ్రేములు తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వెతకాలి, ఆ తర్వాత బోర్డులు, బస్సుల నంబర్లు, మాట్లాడుతున్నవాళ్ల యాస చూడాలి.

సిద్ధాంతాలు తీసేయమని మేం అనడం లేదు. వాటిని కాగితం మీంచి కిందికి దింపమంటున్నాం. మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 అమెరికా ఎన్నికల వేళ చాపెల్ హిల్ పట్టణంలో ఎటూ తేల్చుకోని వంద మంది ఓటర్లను ప్రశ్నించి, మీడియా పెద్దవి చేసి చూపిన సమస్యలతో ఆ జవాబులను పోల్చారు. మీడియా దేన్ని పెద్దది చేసి చూపితే జనం దాన్నే ముఖ్యమనుకుంటారనే అజెండా సెట్టింగ్ సిద్ధాంతానికి 1972లో అచ్చయిన ఆ అధ్యయనం పునాది. ఇదే పని మన విద్యార్థి స్కేలుతో చేయొచ్చు: రెండు వారాల జిల్లా పేజీల్లో తాగునీరు, రోడ్లు, రాజకీయ ప్రకటనలు, సినిమా ఎన్నెన్ని కాలమ్ సెంటీమీటర్లు ఆక్రమించాయో కొలిచి, ఒక వార్డులో యాభై మందిని "మీ పెద్ద సమస్య ఏది?" అని అడిగి పక్కపక్కన పెట్టాలి. చరిత్రకూ ఇదే దారి. 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో మొదలైన ఆంధ్రపత్రిక, 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక పేర్లు వరుసగా అప్పజెప్పించే బదులు ఒక్కో పాత సంచిక చేతికిచ్చి, ఏ వార్తకు ఎంత చోటిచ్చారు, ఏ ప్రకటనలు వచ్చాయి, ఏం రాయలేకపోయారు అని అడగాలి. పాత తెలుగు పత్రికలను ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేయించింది, వాటిని వాడుకోవాలి. ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ఎందుకు చంపారో ఆయన రాతల నుంచి చెప్పగలిగితేనే పత్రికాస్వేచ్ఛ యూనిట్ చదివినట్టు.

వృత్తిలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో దాచిపెట్టి పిల్లలను పంపకండి. మండలాల్లో పనిచేసే స్ట్రింగర్లలో చాలామందికి జీతం లేదు. రాసిన వార్తల కొలతకు కొంత, తెచ్చిన ప్రకటనలకు కమీషన్ కొంత వస్తుంది. ఎవరి మీద వార్త రాయాలో వాళ్లనే ప్రకటన అడగాల్సిన పరిస్థితి అది. డబ్బు తీసుకుని వేసే చెల్లింపు వార్తలపై 2010లో ప్రెస్ కౌన్సిల్‌కు నివేదిక తయారుచేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. ఆ నివేదికను పాఠంగా పెట్టండి. నియామకపత్రంలో ఏం ఉండాలి, పీఎఫ్ ఎలా చూసుకోవాలి, 1955 వర్కింగ్ జర్నలిస్టుల చట్టం కార్మిక కోడ్‌లలో ఎక్కడ కలిసింది, ఇవి చివరి సెమిస్టర్‌లో రెండు తరగతులు చాలు.

ఇంటర్న్‌షిప్‌లకు కూడా రికార్డే మందు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఒక సెమిస్టర్ నిడివి ఇంటర్న్‌షిప్ తెచ్చారు. ఆలోచన మంచిదే. జర్నలిజంలో అది తరచు ఎక్కడ చెడుతుందంటే, సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ కాగితం ఒక్కటే ఆధారం కావడం వల్ల. విద్యార్థి వెళ్లినా వెళ్లకపోయినా అదే కాగితం వస్తుంది, వెళ్లినచోట ప్రకటనలు తెమ్మన్నా ఎవరికీ తెలియదు. రోజూ ఏ డెస్క్‌లో కూర్చున్నారు, ఏ కాపీ ముట్టుకున్నారు, దిద్దకముందు దిద్దిన తర్వాత ప్రతులు, దిద్దినవారి సంతకం, ఇవుంటేనే మార్కులివ్వండి. కాపీలు ఇవ్వలేని సంస్థకు తర్వాతి ఏడాది పిల్లలను పంపకండి.

మార్కుల పంపకం గురించి మా ప్రతిపాదన ఇదీ. రాతపని పేపర్లలో వందకు 60 రికార్డుకు, 20 మౌఖికానికి, 20 రాత పరీక్షకు. మౌఖికంలో బయటి పరీక్షకుడు రికార్డులోంచి ఏవైనా మూడు అంకెల మీద వేలు పెట్టి "ఇది ఎక్కడిది?" అని అడుగుతారు, ఆధారం చూపలేకపోతే ఆ కాపీకి సున్నా. రాత పరీక్షలో నిర్వచనాలొద్దు. ఒక ప్రెస్‌నోట్, ఒక కోర్టు ఉత్తర్వు, నీటిమట్టాల పట్టిక ఇచ్చి రెండున్నర గంటల్లో మూడు వార్తలు రాయమనండి. నిఘంటువు, చట్టం ప్రతి దగ్గర పెట్టుకోనివ్వండి, డెస్క్‌లో ఎలాగూ ఉంటాయి.

వచ్చే విద్యాసంవత్సరానికి అన్నీ మార్చడం కుదరకపోతే మొదటి సెమిస్టర్ వార్తారచన పేపర్ ఒక్కదానితో మొదలుపెట్టండి. నమూనా రికార్డు పుస్తకం, దిద్దుబాటు గుర్తుల పట్టిక, శైలిపత్రం చిత్తు, మౌఖికానికి ప్రశ్నల తీరు, ఇవన్నీ మేం తయారుచేసి మీ పాఠ్యమండలి సమావేశానికి ముందే పంపుతాం. బయటి పరీక్షకులుగా రావడానికి, సెలవు రోజుల్లో విభాగాలకు వచ్చి కాపీలు దిద్దడానికి మాలో డెస్క్ పని చేసేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. సమావేశం తేదీ ఖరారు కాగానే చెప్పండి, వస్తాం.

ఇట్లు,
తెలుగు పత్రికల, చానళ్ల డెస్కుల్లో పనిచేస్తున్నవారు, జర్నలిజం అధ్యాపకులు కొందరు